బొమ్మగిన్నెల రేకుతో జహీరాబాద్‌లో ఒక పాట

కాలు నిలవని మనిషికి ప్రయాణం కట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు, ఒక ఫోను చాలు. ఆదివారం సాయంత్రం ఆ ఫోను వచ్చింది. "సార్, మీరు స్పీకర్లు బాగుచేస్తనని చెప్పిన్రు గదా. నా గిటారు గొంతు పోయింది. రేపు పొద్దుగూకె యాళ్లకు నేను పాడాలె. జర వచ్చి ఇంటరా?" అన్నాడు అవతలి మనిషి. సికింద్రాబాద్‌లో యాభై ఏళ్లు రేడియో రిపేరు దుకాణం నడిపాను. మూసేసి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఇంట్లో కుర్చీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాను. "మనింట్లో రెండు ఫ్యాన్లు తిరుగుతాయి, ఒకదానికే స్విచ్చి ఉంది" అంటుంది మా ఆవిడ. ఫోను పెట్టేసేలోపే నా చెయ్యి పనిముట్ల సంచి కోసం వెతుకుతోంది.

ఆ మనిషి పేరు శివరాజ్. ముప్పై దాటాయి. ఝరాసంగం రోడ్డులో ఒక చిన్న పల్లె అతనిది. జహీరాబాద్‌లో హైవే పక్కన షెడ్డు వేసుకుని ట్రాక్టర్ ట్రాలీలకు వెల్డింగ్ చేస్తాడు. అంతవరకు విశేషం లేదు. విశేషమేమిటంటే, నూరేళ్ల కిందట అమెరికాలో పత్తిచేలల్లో పనిచేసిన నల్లవాళ్లు, కొండల్లో బతికిన పేదవాళ్లు పాడుకున్న బాణీలు ఇతన్ని ఎక్కడో పట్టుకున్నాయి. ఆ బాణీల్లో సొంత మాటలు పెట్టి తెలుగులో పాడతాడు. ఆర్నెల్ల కిందట మా మేనల్లుడు ఫోనులో ఒక పాట వినిపిస్తే, కింద రాసి ఉన్న నంబరుకు నేనే ఫోను చేసి బాగుందని చెప్పాను. అప్పుడు మాటల్లో నా వృత్తి కూడా చెప్పి ఉంటాను. నేను చెప్పకుండా ఉండే రకం కాదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, ఏమీ అనుకోకండి. పదహారేళ్ల వయసులో లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఒక గార్డు దొర ఇంటికి గ్రామఫోను స్ప్రింగు వెయ్యడానికి వెళ్లాను. పని అయ్యాక పరీక్షకని ఆయన ఒక నల్లరికార్డు పెట్టాడు. అందులో ఎవరో గిటారు తీగల మీద ఇనుప ముక్క జారుస్తూ పాడుతున్నాడు. తీగ మనిషిలా ఏడుస్తోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు, కాని ఆ రోజు నేను కూలి అడగడం మరిచిపోయి ఇంటికొచ్చాను. మా నాన్న చేత తిన్న తిట్లు మాత్రం బాగా అర్థమయ్యాయి. శివరాజ్ పాటలో నాకు మళ్లీ వినపడింది ఆ ఏడుపే.

సోమవారం పొద్దున ఆరున్నరకు లింగంపల్లిలో జహీరాబాద్ బస్సు ఎక్కాను. టికెట్టు నూట డెబ్బై చిల్లర. పటాన్‌చెరు దాటేదాకా ఒక గంట పోతుంది, దాటాక సంగారెడ్డి, సదాశివపేట ఇట్టే వస్తాయి. కిటికీ పక్క సీటు దొరికినా ఒక్కచోట కూర్చోలేకపోయాను. నా సంచి చూసి కండక్టరు "పెద్దాయనా, పైన పెట్టున్రి, నడిమిట్ల అడ్డం ఉన్నది" అన్నాడు. "అందులో నా చెవులున్నాయి నాయనా" అన్నాను. "గట్లయితె నేను టికెట్టడిగినప్పుడు ఇనవడలేదెందుకు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. జహీరాబాద్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు ఎదురుగా నలభై రూపాయలకు ఇడ్లీ, టీ. ఆ రోడ్డు మీద నిలబడి తాగుతుంటే గ్లాసు వణుకుతుంది; బొంబాయి లారీలు, చెరుకు ట్రాక్టర్లు ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని పోతూనే ఉంటాయి. ఊరు కూడా నాలాగే, కూర్చున్నది కాదు.

శివరాజ్ షెడ్డు ముందు ఒక ట్రాలీ బోర్లా పడి ఉంది. అతను దాని చుట్టూ తిరుగుతున్నాడు, పనేమీ చెయ్యకుండా. నన్ను చూసి కాళ్లకు దండం పెట్టి, గిటారు తెచ్చి చేతిలో పెట్టాడు. దాని పొట్ట పాత ట్రాక్టర్ బానెట్ రేకుతో చేసింది. ఎర్ర రంగు ఇంకా ఉంది. వేలికి ట్రాక్టర్ పిస్టన్ పిన్ను ఉంగరంలా తొడుక్కున్నాడు. తీగల మీద జారించేది అదే. ఈ రకం గిటారు లోపల అన్నం పళ్లెమంత అల్యూమినియం గరాటు ఒకటి ఉంటుంది. తీగ వణికితే దాని మీద నిలబెట్టిన చెక్కముక్క వణుకుతుంది, చెక్కముక్క గరాటును వణికిస్తుంది, గరాటు గాలిని. అంటే కరెంటు అక్కర్లేని లౌడ్‌స్పీకరన్నమాట. కరెంటు స్పీకర్లు రాక ముందు, పదిమందిలో వినపడాలని అమెరికావాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం.

"పోయిన వారం బెంగుళూరు నుంచి వస్తుంటె బస్సుల ఎవడో దీని మీద సూట్‌కేసు పెట్టిండు సార్. గరాటు నలిగిపాయె. ఇక్కడ యూసుఫ్ చచా గిన్నెలు చేస్తడు. ఆయనతోని కొత్తది చేయించిన. ఇనున్రి" అని వాయించాడు. దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. మూత తీయించి గోటితో గరాటు మీద కొట్టి చూశాను. టక్ అని ఆగిపోయింది, మోగలేదు.

"ఇవాళ కాకపోతే రేపు పాడు. తొందరేముంది?" అన్నాను.

అతను పిన్ను వేలినుంచి తీస్తూ, తొడుగుతూ చెప్పాడు. బెంగుళూరులో ఒక హోటలువాళ్లు వారానికి ఆరు రోజులు పాడే పని ఇస్తామన్నారు. రేపటిలోగా అవునో కాదో చెప్పాలి. "ఆడ మందున్నరు సార్, చప్పట్లున్నయ్. కని తినుకుంట ఇంటరు. మా ఊళ్లె భజనగది ఉన్నది. సోమారం సోమారం కూసుంటరు. ఆడ మైకు పెట్టనియ్యరు. బసప్ప తాత తాళాలు కొడ్తడు. కొత్తోడు పాడేటప్పుడు ఆయన తాళాలు కింద పెట్టిండంటె పాట బంద్. నీళ్లు తాగి లేవాలె. మల్ల శివరాత్రి దాక పాడనియ్యరు. రెండేండ్ల సంది అడిగితె ఈ సోమారం ఇచ్చిన్రు. పాట ఆఖరిదాక ఇన్నరంటె ఈడనే ఉంట. తాళాలు కింద పెడ్తె పొద్దుగాల బండెక్కుత."

"నీ భార్య ఏమంటుంది?"

"ఏదో ఒక్కటి చెయ్యి గని షెడ్డు సుట్టు తిరుగుడు బంద్ చెయ్యి అంటది."

పదకొండుకు యూసుఫ్ భాయ్ దుకాణానికి వెళ్లాం, షెడ్డు నుంచి నడక దూరమే. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా అల్యూమినియం పొడి. ఆయన పని చూడడానికే జహీరాబాద్ రావచ్చు: గుండ్రంగా కోసిన రేకును తిరిగే చెక్క అచ్చుకు ఆనించి, చంకలో పొడుగాటి కర్ర ఇరికించుకుని ఒంటి బరువంతా వేసి నొక్కుతాడు. రేకు మెత్తటి పిండిలా అచ్చును కప్పుకుంటుంది. గిన్నె పుట్టడానికి అరనిమిషం పట్టదు. అడుగున తన ముద్ర ఒకటి సుత్తితో కొడతాడు. నెలవంక, దాని పక్కన చుక్క.

"చచా, గరాటు మోగుతలేదు" అన్నాడు శివరాజ్.

"మోగదా? అరే, నువ్వు మా పిల్లగానివని డబల్ మందం రేకు ఏసిన! నీ కొడుకు కొడుకు గూడ వాయించుకుంటడు దాన్ని!"

అక్కడ తెలిసింది నాకు అసలు సంగతి. గిన్నెలు చేసేవాడికి ప్రేమ అంటే మందం. పలుచని గిన్నె చేస్తే సొట్టపడుతుంది, మాడుతుంది, పేరు పోతుంది. అభిమానం కొద్దీ ఆయన గిటారు గొంతు నొక్కేశాడు. ఇందులో సగానికి సగం పలుచగా ఉండాలి అన్నాను. ఆయన కర్ర పక్కన పెట్టేశాడు.

"సాబ్, నలభై ఏండ్లు అయింది. ఒక్క ఆడమనిషి గూడ గిన్నె వాపస్ తేలే. పలుచటి మాల్ నా చేత కాదు. వేరేటోళ్లను అడుగున్రి."

తీగ, గాలి, వణుకు అని నాకు తెలిసిందంతా చెప్పాను. వింటున్నట్టు తల ఊపాడు, కాని చెయ్యి కదల్లేదు. ఈలోపు శివరాజ్ మూడుసార్లు బయటికి వెళ్లి వచ్చాడు. నాకూ కుర్చీ మీద ముళ్లున్నట్టే ఉంది. చివరికి లేచి నిలబడి అడిగాను: "భాయ్, ఇది వంటకు కాదు. డప్పు అనుకోండి. డప్పుకు దళసరి తోలు కడతారా?"

ఆయన నన్ను చూశాడు, గిటారును చూశాడు. "అట్ల చెప్పాలె గదా ముందుగాల! గంట సంది స్పీకరు స్పీకరు అంటున్నరు."

కాని పలుచని రేకు ఎక్కడిది? జాతరల్లో పిల్లలకు అమ్మే బొమ్మగిన్నెల కోసం తెచ్చింది మూల ఉంది. గరాటుకు సరిపోయేంత పెద్ద ముక్కలు మూడే వచ్చాయి. మొదటిది అచ్చు ఎక్కుతూనే చిరిగింది. రెండోది దాదాపు అయ్యాక అంచు దగ్గర పగిలింది. యూసుఫ్ భాయ్ నుదుటి చెమట తుడుచుకుని "నా చెయ్యికి బలం అలవాటైంది సాబ్" అన్నాడు, తప్పు ఒప్పుకున్నట్టు. అప్పటికి ఒంటిగంటన్నర. "తిని రాండ్రి. మీరిద్దరు నెత్తి మీద నిలవడ్తె నా చెయ్యి ఆడది" అని తోలేశాడు.

శివరాజ్ ఇల్లు రెండు సందుల అవతల. భార్య మహాదేవి జొన్నరొట్టె, పుంటికూర (మన గోంగూరే) పప్పు, పచ్చి అల్లం దంచిన కారం పెట్టింది. మీరు ఆ కారం తినేటప్పుడు పక్కన మజ్జిగ ఉందో లేదో చూసుకోండి, నేను చూసుకోలేదు. నా కళ్లనీళ్లు చూసి ఆమె అంది, "సార్ పాట ఇనకముందే ఏడుస్తున్నడు." శివరాజ్ నవ్వలేదు. సగం రొట్టె వదిలేసి లేచాడు. ఆమె నాతో మెల్లగా, "బెంగుళూరు పోతె నేను గూడ పోత సార్, అది ఫికర్ లేదు. కని ఈయన ఈడ ఇనిపియ్యకుంట పోతె ఆడ గూడ కూసోడు, ఆడ గూడ ఇట్లనే తిరుగుతడు" అంది.

మేము తిరిగి వెళ్లేసరికి మూడో గరాటు సిద్ధం. గోటితో కొట్టాను. జీరగా మొదలై సాగి సాగి పోయింది. గార్డు దొర గదిలోది అదే శబ్దమని ప్రమాణం చెయ్యలేను, కాని మళ్లీ రెండుసార్లు కొట్టి విన్నాను. "ముద్ర కొట్టలేదే?" అన్నాడు శివరాజ్ తిప్పి చూసి. "బొమ్మల మీద నేను ముద్ర కొట్ట" అన్నాడు యూసుఫ్ భాయ్ అటు తిరిగి. కాని గరాటు గిటారులో బిగించి మేము బయల్దేరుతుంటే దుకాణం షట్టరు దించి, "సొట్టపడ్తె ఎవరు సరిజేస్తరు?" అంటూ మాతోపాటే వచ్చాడు.

ఝరాసంగం వైపు షేర్ ఆటోలు నిండితేనే కదులుతాయి, మనిషికి నలభై. డ్రైవరు గిటారు చూసి "ఎర్రగున్నది, ట్రాక్టరా అన్నా అది?" అన్నాడు. "సగం ట్రాక్టరే" అన్నాడు శివరాజ్. "గట్లయితె మనం ఎక్కుడెందుకు, అదే గుంజుకపోతది." దారంతా కంది, పత్తి, మధ్యమధ్య అల్లం మడులు. శివరాజ్ గిటారును పసిపిల్లలా ఒళ్లో పట్టుకుని, పెదవులతో చరణాలు తిరగేస్తున్నాడు. ముప్పావుగంట తర్వాత పల్లె దగ్గర దిగాం. ఐదు దాటింది.

భజనగది చిన్నది, సున్నం గోడలు, ఇరవై మంది దాకా చాపల మీద. చేల నుంచి నేరుగా వచ్చినవాళ్లు. కొందరి తలపాగాకు పత్తి అంటుకునే ఉంది. బసప్ప తాత డెబ్బై దాటిన రైతు, కన్నడం కలిసిన తెలుగు. శివరాజ్‌ను, ఎర్ర గిటారును చూసి "ఏనప్పా, ఇది దున్నుతదా, పాడుతదా?" అన్నాడు. నవ్వులు. రెండు తత్వాలు అయ్యాక ఆయన తాళాలు సర్దుకుని "కానియ్" అన్నాడు.

మొదలుపెట్టాడు శివరాజ్.

"లారి మీద లారి పాయె బొంబాయి రోడ్డు మీద,
నా కాళ్లకంటుకునె మట్టి కందిచేను కాడ..."

పిస్టన్ పిన్ను తీగ మీద జారింది. ఆ గదిలో మూలన కూర్చున్న నాకు కూడా శబ్దం ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది. యూసుఫ్ భాయ్ గుమ్మం దగ్గర నిలబడి, వంటగదిలో పాలు పొంగుతాయేమో అని చూసే మనిషిలా గిటారు పొట్టనే చూస్తున్నాడు. మొదటి చరణం దాటింది. రెండో చరణం. మూడోదాంట్లో అర్ధరాత్రి రైలు, దూరాన కూత, వెళ్లిపోయిన మనిషి. బసప్ప తాత తాళాలు ఆగాయి. వంగి, రెంటినీ నేల మీద పెట్టేశాడు.

శివరాజ్ చెయ్యి తీగల మీద అలాగే ఉండిపోయింది. ఎవరో నీళ్లచెంబు ముందుకు జరిపారు. అతను చెంబు అందుకోబోయాడు.

"ఎందుకు ఆపినవ్ రా?" అన్నాడు బసప్ప తాత.

"తాళాలు కింద పెట్టినవ్ గదా తాత."

"నా తాళం సప్పుడుకు దాని ఏడుపు ఇనవడ్తలేదు, అందుకె పెట్టిన. పాడు."

ఒక ముసలాయన లేచాడు. "అట్లెట్ల బసప్పా? తాళం కింద పడ్డదంటె అయిపాయె. మన తాతల కాడికెంచి గదే రివాజు."

బసప్ప తాత తాళాలు తీసి ఒడిలో పెట్టుకుని, మీద తువ్వాలు కప్పాడు. "ఇగో, కింద లేవు. కూసో."

శివరాజ్ మళ్లీ ఎత్తుకున్నాడు. నిజం చెప్పాలి కదా, రెండోసారి అంత బాగా రాలేదు. ఒక చోట పిన్ను తీగ తప్పింది. బర్రెల పాలు పిండే వేళని నలుగురు లేచి వెళ్లారు. మిగిలినవాళ్లు ఆఖరిదాకా విన్నారు. చప్పట్లు లేవు, అక్కడ కొట్టరు. తర్వాత బసప్ప తాత అడిగాడు:

"మన ఊళ్లె రైలెక్కడిది రా?"

"జహీరాబాద్‌ల ఉన్నది గదా తాత."

"ఉన్నది. దాని కూత ఇని నువ్వెన్నడన్న ఏడ్చినవా?"

శివరాజ్ ఆలోచించాడు. "లేదు తాత."

"మరి ఎవని ఏడుపు ఏడుస్తున్నవ్? లారి గురించి పాడినవ్, బాగున్నది. మీ నాయిన లారి మీద పోయినోడు, మల్ల రాలే, అందరికెరుక. ఆ రైలు చరణం మార్చుకోని వచ్చే సోమారం రా."

బయటికి వచ్చాక శివరాజ్ అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజంతటిలో అతను కూర్చోగా చూడడం నాకు అదే మొదలు. ఫోను తీసి బెంగుళూరుకు ఫోను చేశాడు. "లేదు సార్, రాలేను. సోమారం పనున్నది" అన్నాడు. అవతలివాళ్లు ఏ సోమవారం అని అడిగినట్టున్నారు. "అన్ని సోమారాలు" అన్నాడు.

యూసుఫ్ భాయ్ అప్పటిదాకా మా చుట్టూ తిరుగుతున్నాడు. దగ్గరికి వచ్చి "జర మూత తియ్యి" అన్నాడు. శివరాజ్ తీగలు వదులు చేసి, మరలు విప్పి గరాటు బయటికి తీశాడు. యూసుఫ్ భాయ్ చొక్కా జేబులోంచి ముద్ర ఇనుము, చిన్న సుత్తి తీశాడు. షట్టరు దించినప్పటి నుంచి ఆ జేబులోనే ఉన్నాయన్నమాట! బొమ్మల మీద ముద్ర కొట్టని మనిషి. అంత పలుచని రేకు మీద దెబ్బ తప్పితే పాటే పోతుంది. "అంచు మీద భాయ్, అంచు మీద! అక్కడ వణుకు ఉండదు" అన్నాను. యాభై ఏళ్లు స్పీకర్లతో గడిపి నేర్చిన విద్యకు ఆ రోజు దక్కిన పని, ఎక్కడ సుత్తి వెయ్యాలో చూపించడం. ఆయన ఊపిరి బిగబట్టి ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. నెలవంక, పక్కన చుక్క.

ఏడున్నరకు ఆఖరి షేర్ ఆటో పట్టుకుని జహీరాబాద్ వచ్చి, ఎనిమిదిన్నర బస్సెక్కాను. ఎక్కడి నుంచో వచ్చిన బాణీని మనది చేసుకోవడం అంటే మాటలు తెలుగులో పెట్టడమే అనుకునేవాణ్ణి. కాదని పత్తి అంటిన తలపాగాలవాళ్లు చెప్పారు. గరాటు మన రేకుది కావచ్చు, పొట్ట మన ట్రాక్టరుది కావచ్చు, ఏడుపు మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. శివరాజ్ ఇప్పుడు వాళ్ల నాన్న లారీ నంబరుతో చరణం కడుతున్నాడట; నాలుగు సోమవారాలైంది, బసప్ప తాత ఇంకా ఒప్పుకోలేదు. నేను మాత్రం వచ్చే సోమవారానికి మళ్లీ సంచి సర్దుకున్నాను. మా ఆవిడ స్విచ్చి ఉన్న ఫ్యాను ఆపేసి, రెండోదాని వైపు చూస్తోంది.

వెళ్లేవాళ్లకు ఒక మాట: జహీరాబాద్‌లో చేత్తో చేసిన అల్యూమినియం గిన్నె కొనేటప్పుడు గోటితో కొట్టి వినండి. టక్కుమని ఆగితే వంటకు, మోగితే పాటకు. ఏది కావాలో ముందే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు అభిమానంతో మందంగా చేసి ఇస్తారు.